పెట్రోల్ బండికి డీజిల్ ఇంజిన్ బిగించమని వచ్చేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకాయన మా షెడ్డుకి 2016 ఎర్టిగా తెచ్చారు. పెట్రోల్, ఆటోమేటిక్. బండి దిగీ దిగకముందే ఫోన్ తీసి వీడియో చూపించారు, ఎవరో రెండు రోజుల్లో పెట్రోల్ ఇంజిన్ దింపేసి డీజిల్ ఎక్కించేశారట. "అన్నా, బెజవాడ ఆటోనగర్‌లో దొరకనిది లేదంటారు. తుక్కు బండి నుంచి డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్ సెట్టు నేను తెస్తా, నువ్వు బిగించు చాలు. ఆర్‌సీ సంగతి ఏజెంట్ చూసుకుంటానన్నాడు" అన్నారు. ఈ మాట నెలకి ముగ్గురు నలుగురి దగ్గర వింటున్నా. 2020 ఏప్రిల్‌లో మారుతి డీజిల్ కార్లు ఆపేసిన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ముందు ఇంజిన్ మార్చేద్దాం, ఆర్‌సీలో తర్వాత ఎక్కించుకోవచ్చు

ఎక్కదు. మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే జనం లక్షలు పోగొట్టుకునేది ఇక్కడే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంధనం మార్చుకోవడానికి చట్టంలో ఒక దారి ఉన్న మాట నిజమే, కానీ అది ఆమోదం ఉన్న కిట్టు పెట్టించుకునేవాళ్లకి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటివి. పెట్రోల్ బండిని డీజిల్ చేసే ఆమోదిత కిట్టు ఇన్నేళ్లలో నేనొక్కటి కూడా చూడలేదు. తమాషా ఏంటంటే, 2022లో కేంద్రం మూడున్నర టన్నుల లోపు బండ్లలో డీజిల్ ఇంజిన్ తీసేసి సీఎన్‌జీ ఇంజిన్ పెట్టుకోవడానికి నిబంధనలు తెచ్చింది. మనవాళ్లు అడిగేది సరిగ్గా దానికి ఎదురు.

"ఏజెంట్ చేయిస్తానన్నాడు కదా" అంటారు. ఏం చేయిస్తాడండీ? ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం అన్నీ ప్రభుత్వం వాళ్ల వాహన్ పోర్టల్‌లో ఉన్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి చూస్తే ముందు పోయేది మీ బండి, ఏజెంట్ ఫోన్ అప్పటికే స్విచాఫ్. అనుమతి లేని మార్పుకి అదే చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. ఐదు వేలే కదా అని నవ్వుతారు కొందరు. అసలు దెబ్బ అది కాదు, ఇన్సూరెన్స్.

రెండేళ్ల కిందట ఇలా మార్చిన ఒక ఏడు సీట్ల బండి సూర్యాపేట దగ్గర లారీని వెనక నుంచి గుద్దింది. దేవుడి దయ, మనుషులకి ఏం కాలేదు. బండిని మా షెడ్డుకే తోలుకొచ్చారు. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు, పాత గుడ్డ అడిగి తీసుకున్నాడు, ఇంజిన్ బ్లాక్ పక్కన గ్రీజు తుడిచాడు, టార్చ్ వేసి నంబరు చదివాడు, ఆర్‌సీ కాపీ చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. ఇరవై రోజులకి క్లెయిమ్ తిరస్కరించామని ఉత్తరం వచ్చింది. ఆ ఓనరు మా బల్ల మీద కూర్చుని ఆ ఉత్తరాన్ని నాలుగు సార్లు చదివాడు, పాపం, ప్రతిసారీ ఇంకేదన్నా రాసుంటుందేమో అన్నట్టు. రిపేరు మూడు లక్షల పైమాటే. బిగించిన మెకానిక్ ఎవరో అడిగితే పేరు చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

అపోహ: అదే కంపెనీ, అదే బాడీ. నట్లు విప్పి నట్లు బిగించడమే

వీడియోలో ఇంజిన్ కూర్చోవడం వరకే చూపిస్తారు. పనంతా ఆ తర్వాతే. డీజిల్ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), దాని వైరింగ్, ఆ ఈసీఎంకి జతపడిన తాళం చెవి. తాళం లేకుండా తుక్కులో ఇంజిన్ కొన్నారా, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, స్టార్ట్ మాత్రం అవదు. టర్బో ఉంది కాబట్టి ఇంటర్‌కూలర్, పైపులు కావాలి. ట్యాంకులో పెట్రోల్ పంపు తీసేయాలి, డీజిల్ ఫిల్టరు, రిటర్న్ లైను పెట్టాలి. బరువు పెరుగుతుంది, ముందు స్ప్రింగులు కుంగుతాయి. పైగా ఆటోమేటిక్ బండి కాబట్టి క్లచ్ పెడలే ఉండదు, పెడల్ సెట్టు దగ్గర్నుంచి గేర్ కేబుళ్లు, యాక్సిల్ షాఫ్టుల దాకా మార్చాలి. లివర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందన్న సిగ్నల్ అందితేనే ఆటోమేటిక్‌లో సెల్ఫ్ తిరుగుతుంది. ఆ లివరే తీసేశాక ఆ సిగ్నల్ ఎక్కడిది? ఎలక్ట్రీషియన్ వైరు జంపర్ చేసి వదిలేస్తాడు. తర్వాత గేరులో ఉండగా తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది.

నేనేదో మొదట్నుంచీ బుద్ధిమంతుడినని కాదు. 2011లో మా బంధువు ఒకాయన పెట్రోల్ ఇన్నోవాకి డీజిల్ ఇంజిన్ నేనే ఎక్కించా. తుక్కులో తెచ్చిన ఇంజిన్‌తో ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది) రాలేదు, పెట్రోల్‌దాన్నే లేత్‌లో బ్రాకెట్ చేయించి బిగించా. ఛార్జింగ్ వస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నా. ఆ డీజిల్ ఇంజిన్‌కి బ్రేకుల వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, పెట్రోల్‌దానికి అది ఉండదు. పెట్రోల్ ఇంజిన్ అయితే మానిఫోల్డ్ (గాలి లోపలికి వెళ్లే గొట్టాలు) నుంచే బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ తొక్కడం తేలిక చేసేది) వాక్యూమ్ లాగుతుంది, డీజిల్‌లో అంత లాగుడు ఉండదు, పంపు ఉండాల్సిందే. ఇదంతా ఇప్పుడు చెప్తున్నా గానీ ఆ రోజు నా బుర్రలో లేదు. షెడ్డులోంచి హ్యాండ్‌బ్రేక్ మీద మెల్లగా తీశా, రోడ్డెక్కి రెండో గేరు వేశా, మలుపులో బ్రేక్ తొక్కితే కాలి కింద పెడల్ కాదు, రాయి ఉన్నట్టుంది. రెండు కాళ్లతో తొక్కి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఖాళీ ఆయిలు డ్రమ్ముల మీదకి తోలి ఆపా. పక్క సీట్లో బంధువుగారి అబ్బాయి, పదో తరగతి పిల్లాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా పాత ఇంజిన్ మళ్లీ ఎక్కించి ఇచ్చా, నా ఖర్చుతోనే.

అపోహ: మైలేజీలో పెట్టుబడి ఏడాదిలో వచ్చేస్తుంది

లెక్క వేద్దాం. పెట్రోల్ 107, డీజిల్ 96 అనుకోండి. ఆటోమేటిక్ 12 ఇస్తే కిలోమీటరుకి దాదాపు 8 రూపాయల 90 పైసలు. డీజిల్ మాన్యువల్ 18 ఇస్తే 5 రూపాయల 30 పైసలు. మిగిలేది మూడు రూపాయల అరవై పైసలు. ఇంటి బండి ఏడాదికి 12,000 తిరిగితే 43 వేలు. పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే రెండున్నర లక్షలకి తగ్గదు. అంటే ఆరేళ్లు, అదీ తుక్కు ఇంజిన్‌లో టర్బో గానీ ఇంజెక్టర్లు గానీ పోకుండా ఉంటే.

చిన్నాచితకా

పొల్యూషన్ ఎలాగోలా తెచ్చుకోవచ్చంటారు. పోర్టల్‌లో పెట్రోల్ అని ఉంటే వాళ్లు పెట్రోల్ టెస్టే చేస్తారు, మీ సైలెన్సర్ నుంచి వచ్చేది డీజిల్ పొగ. ఇంజిన్ అలాగే ఉంచి గేర్‌బాక్స్ ఒక్కటే మాన్యువల్ చేయించుకుంటామంటారు, ఈసీఎం తలనొప్పి అందులోనూ తప్పదు, ఆ డబ్బుతో ఆటోమేటిక్ గేర్‌బాక్సునే బాగు చేయించుకోండి.

ఇవన్నీ విని భయపడి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు, "అన్నా, నేను పోయినేడు ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించా, కేసవుతుందా" అని. అవదు, టెన్షన్ పడకండి. బోర్ కొట్టించినా, పిస్టన్లు వేసినా, హెడ్డు మార్చినా నంబరు పోదు, అది బ్లాక్ మీద ఉంటుంది. బ్లాకే పగిలి అదే కంపెనీ, అదే మోడల్ ఇంజిన్ వేయాల్సి వస్తే, ముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని, బిల్లు పెట్టి కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు. బిల్లు లేని ఇంజిన్ మాత్రం కొనకండి, అది దొంగ బండిది కూడా అయ్యుండొచ్చు.

ఎర్టిగా ఆయనకి కూడా ఇంతే చెప్పా. మరీ డీజిలే కావాలంటే ఇది అమ్మేసి డీజిల్ బండే చూసుకోండి, ఖర్చే బాధ అయితే ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్టు పెట్టించి ఆర్‌సీలో, ఇన్సూరెన్స్‌లో రెండింట్లో ఎక్కించుకోండి అన్నా. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లారు. నిన్న ఫోన్ చేసి అడిగారు, డిక్కీలో సిలిండర్ పెడితే తిరుపతి వెళ్లేటప్పుడు ఏడుగురి సామాను ఎక్కడ పెట్టాలని. పైన క్యారియర్ బిగిస్తానన్నా, ఆదివారం వస్తానన్నారు.