నిద్రలేని బేరం

పోయిన ఏడు మార్చిలో మా బాబాయి యాభై టిక్కీల (మిర్చి బస్తాల) తేజ రకం మిర్చి లారీకెత్తి గుంటూరు యార్డుకు తెచ్చాడు. రాత్రంతా కునుకు లేదు, బస్తాల మీదే జాగారం. పొద్దున్నే వ్యాపారి ఒక టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపాడు. గింజ గలగలమంది. రేటు చెప్పాడు. అమ్మాలా, ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెట్టాలా? బాబాయి అక్కడికక్కడే సరే అనేశాడు. మర్నాడు ఇంట్లో నిద్ర లేచి, "ఎందుకు ఊ అన్నానో నాకే అర్థం కావట్లేదురా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. లెక్కల్లో ఆయన్ని మించినవాడు మా ఊళ్ళో లేడు మరి.

1997లో నేచర్ పత్రికలో డాసన్, రీడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. పదిహేడు గంటలు మేలుకుని ఉన్నవాళ్ళకు కన్నూ చెయ్యీ కలిసి పనిచేసే నేర్పు ఎంత తగ్గిందంటే, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళతో సమానమైంది. మన దేశంలో బండి నడిపేవాళ్ళకు చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. బేరం వేరే పని, నిజమే. కానీ నిద్ర చాలకపోతే ఏకాగ్రత సడలుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. బండి తోలడానికి పనికిరాని ఒంటితో ఏడాది కష్టాన్ని బేరం పెడుతున్నామంటే నాకు బాధేస్తుంది.

అలాగని ఆగుతూ పోతే? కాయ ఆగదు. మిరప ఎరుపుకు ముఖ్య కారణం కాప్సాంథిన్ అనే రంగు పదార్థం. వెలుతురు, వేడి, గాలిలోని ఆక్సిజన్ దాన్ని మెల్లగా విరగ్గొడతాయి. కల్లంలో సరిగ్గా ఎండక తేమ మిగిలితే బూజు పడుతుంది, అందులో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఏసీ చలి ఇదంతా నెమ్మదింపజేస్తుంది, అంతే. ఈలోగా అద్దె, అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటాయి.

ఎంతవరకు ఆగాలన్నదానికి గణితంలో ఓ పేరున్న లెక్క ఉంది. 1960లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దాన్ని పదిమందికీ తెలిసేలా చేశాడు. వందమంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి రేటు చెప్తారు, వద్దన్నవాళ్ళు మళ్ళీ రారు అనుకోండి. మొదటి 37 మందినీ ఊరికే విని పంపెయ్యాలి. ఆ తర్వాత వాళ్ళందర్నీ మించి చెప్పిన మొదటివాడికి ఇచ్చెయ్యాలి. ఇంత చేసినా అన్నిటికన్నా పెద్ద రేటు దొరికే అవకాశం సుమారు 37 శాతమే! పైగా ఆగినందుకు ఖర్చేమీ లేదనీ, సరుకంతా ఒకేసారి అమ్మాలనీ ఈ లెక్క అనుకుంటుంది. రైతుకు ఆ రెండూ కుదరవు. ఆగితే ఖర్చవుతుంది, కానీ సరుకును విడగొట్టి అమ్ముకోవచ్చు. ఈ రెండో వెసులుబాటు చాలా విలువైనదని నా నమ్మకం.

ఈ ఏడు బాబాయి అమ్మకానికి ముందురోజు మధ్యాహ్నానికే మా ఇంటికొచ్చాడు. ఎంతకు తగ్గితే అమ్మకూడదో ఊళ్ళోనే కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. రాత్రి అన్నం తిని తొమ్మిదింటికల్లా పడుకున్నాడు. పొద్దున వ్యాపారి చెప్పిన రేటు కాగితంలోని అంకె కన్నా తక్కువే. అప్పు తీర్చడానికి కావలసినంత, ఇరవై టిక్కీలు మాత్రం ఇచ్చాడు. మిగతా ముప్పై ఇంకా ఏసీలోనే ఉన్నాయి.