పడినచోటే నిలిపిన పొగడ్త: వీరగల్లు గొడవ వెనక కథ

రోడ్డు వెడల్పు పనులు మొదలైనప్పుడల్లా, పొలాలు లేఅవుట్లుగా మారినప్పుడల్లా పాత చిత్తూరు జిల్లాలో ఒకే తగాదా మళ్ళీ లేస్తుంది. చెరువుకట్ట మీదో మామిడితోపు గట్టునో నిలబడి ఉన్న వీరగల్లును, అంటే పోరులో పడ్డ వీరుడి గుర్తుగా నిలిపిన రాయిని, ఏం చేయాలి? మ్యూజియంకు తరలించాలని కొందరు, ఊరు దాటిస్తే ఊరుకోమని ఊరివాళ్ళు. ఇప్పుడు పలమనేరు వైపు ఒక ఊళ్ళో ఇదే పంచాయితీ నడుస్తోంది.

బాణులు, వైదుంబులు, నొలంబులు, గాంగులు అనే పాత రాజవంశాలవాళ్ళు ఈ నేల కోసం కొట్టుకున్న సంగతి పుస్తకాల్లో ఉన్నదే. 9వ శతాబ్దపు సోరెమడి పోరులో పడ్డవాళ్ళ రాళ్ళు ఈ ప్రాంతంలో దొరికిన సంగతీ చాలామందికి తెలుసు. ఆ వంశావళుల జోలికి పోను. నన్నడిగితే ఇవాళ్టి తగాదాకు మూలం అంత వెనక లేదు. రాతి మీది అక్షరాన్ని కాగితం మీదకు ఎత్తడం మొదలైన రోజుల్లో ఉంది.

1886లో మద్రాసు ప్రభుత్వం శాసనాలు చదివే పనికి హుల్ష్ అనే జర్మన్ పండితుణ్ణి పెట్టుకుంది. అక్కడి నుంచి ఊరూరా తిరిగి నకళ్ళు తీయడం ఒక పద్ధతిగా సాగింది. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో బాది, పైన మసి అద్దుతారు. చుట్టూ నలుపు, మధ్యలో అక్షరం తెల్లగా తేలుతుంది. చాలా గొప్ప పని అది. ఆ మనుషులు ఎండలో తిరక్కపోతే మన భాష తొలి వాక్యాలు ఎన్నో మనకు దక్కేవి కావు.

అయితే ఆ పనితో రాయికి కొత్త కొలత ఒకటి వచ్చింది. అక్షరముంటే దానికో నంబరు, రిపోర్టులో ఒక పంక్తి. ఒట్టి బొమ్మే ఉంటే చాలాచోట్ల అదీ లేదు. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం కింద రక్షణ కావాలంటే ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఏ రికార్డులోనూ లేని రాయి ఆ గడప దాకా వెళ్ళడమే కష్టం.

తిరుమల కొండ మీది సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడి శాసనాలు వెయ్యికి పైగా 1930ల్లోనే దేవస్థానం సంపుటాలుగా అచ్చయ్యాయి. కృష్ణదేవరాయలు మొదటిసారి కొండెక్కింది 1513 ఫిబ్రవరి 10న. ఆయన శాసనాల్లో బిరుదులు బారులు తీరి ఉంటాయి: మూరురాయరగండ, అరిరాయవిభాడ, అష్టదిక్కుమనోభయంకర, భాషెగె తప్పువ రాయర గండ. చివరిదానికి మాట తప్పే రాజుల పాలిటి గండడు అని అర్థం. గండడంటే శూరుడు. వైదుంబ రాజు గండత్రినేత్రుడి పేరులో ఉన్నదీ, శూరుడి కాలికి తొడిగే గండపెండేరంలో ఉన్నదీ ఆ మాటే. ఇప్పటికీ మన ఇళ్ళలో గట్టిపిల్లాణ్ణి చూసి గండరగండడురా వీడు అంటాం.

ఆ బిరుదులన్నీ బతికుండగా రాజు వేయించుకున్నవి. వీరగల్లు అలా కాదు. మనిషి పడిపోయాక బతికి మిగిలినవాళ్ళు నిలబెట్టింది. అక్షరాలున్న రాళ్ళలో కూడా పొగడ్త ఎంతో ఉండదు. ఫలానా రాజు ఏలుబడిలో, ఫలానావాడి బంటు, ఆవుల మందను విడిపించి పడ్డాడు. అంతే. మిగతాదంతా బొమ్మే చెబుతుంది.

ఇప్పుడు గొడవలో ఉన్న రాయి నా నడుముకంటే కాస్త ఎత్తుంటుంది. కింద మూడు ఆవుల తలలు. మధ్యలో విల్లు ఎక్కుపెట్టిన మనిషి, కొప్పు పక్కకు ముడి వేసి ఉంది, నడుముకు బాకు. రొమ్మున రెండు బాణాలు దిగి ఉన్నాయి, వీపున ఒక్కటీ లేదు. పైన ఇద్దరు అప్సరసలు చేతులు పట్టుకుని ఆయన్ను వీరస్వర్గానికి లేపుతున్నారు. ఎన్నేళ్ళుగానో పూసిన పసుపుకు ముఖం అరిగిపోయింది. అక్షరం ఒక్కటి లేదు.

మ్యూజియం కావాలనేవాళ్ళ మాటలోనూ నిజముంది. ఇలాంటి రాళ్ళు కల్వర్టుల్లో కలిసిపోయాయి, చాకిరేవు బండలయ్యాయి, పెయింట్ల కింద పోయాయి. చంద్రగిరి రాజమహల్ మ్యూజియం లాంటి చోటికి చేరితే ఎండావానల బాధ ఉండదు, దొంగల టెన్షన్ ఉండదు.

ఊరివాళ్ళు చెప్పేది వేరు. కనుమనాడు ఇక్కడ పశువుల పండగ. కొమ్మలు, చెత్త తెచ్చి చిట్లాకుప్ప పోసి, కాటమరాజుకు పొంగలి పెట్టి, కుప్ప అంటించి పశువుల్ని తోలుతారు. కాటమరాజు కూడా పుల్లరి, అంటే మేత పన్ను, తగాదాలో నెల్లూరు రాజు నల్లసిద్ధితో పోరాడిన గొల్ల వీరుడే. ఈ ఊళ్ళో మంద ముందు వీరగల్లు దగ్గర ఆగాలి. ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చి కొమ్ములకు పూసిన పసుపులో మిగిలింది ఆ రాతికి పూయాలి. ఆవుల కోసం చచ్చినవాడికి ఆవులను చూపించి చేసే మర్యాద అది. రంగంపేట జల్లికట్టులో పశువు కొమ్ములకు కట్టిన పలకను లాగిన కుర్రాడికి కేకలు, ఈలలు ఆ పూటకే. ఇక్కడ మాత్రం పేరు కూడా మిగలని మనిషికి ఇన్ని తరాలుగా ఏటా ఈ మర్యాద జరుగుతోంది.

అక్కడ ఆవులు కాసే పెద్దాయన ఒకరు నాతో అన్నారు: "రాయిని యాడికైనా ఎత్తుకపోవచ్చు నాయనా. ఆయప్ప పడింది ఈడే గదా. చంద్రగిరికి మా ఆవుల్ని తోలుకపోతామా?"

ఈ మాటకు అవతలివాళ్ళ దగ్గర జవాబు నాకు వినపడలేదు. అద్దాల గదిలో ఆ రాయి 'వీరగల్లు, అక్షరాలు లేవు' అన్న చీటీతో నిలబడుతుంది. ఆవులు రావు, పసుపు రాదు. ఆయన దేని కోసం పడ్డాడో చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు.

సర్వేవాళ్ళు సున్నంతో గీసిన గీత రాతికి మూడడుగుల దూరంలో ఉంది. ఊరివాళ్ళు అడుగుతున్నది రోడ్డు ఆపమని కాదు. రాయిని ఇరవై అడుగులు వెనక్కి, అదే పొలంలోకి జరిపి, కింద చిన్న అరుగు కట్టుకోనివ్వమని. ఆ పొలం రైతు ఒక సెంటు జాగా వదులుతానని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. ఆ కాగితం ఇచ్చి నెల దాటింది. జవాబు రాలేదు.