గ్రంథాలయంలో జర్నళ్ల (పరిశోధన పత్రికల) బైండు సంపుటాలు ఎక్కడ పెట్టాలి? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఖాళీ అయిన తరగతి గది ఏదైనా సరిపోతుంది.

గది ఎంత పెద్దదని కాదు, నేల ఎంత బరువు మోస్తుందని ముందు అడగాలి. భవనాలు మోయాల్సిన భారాలను చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం తరగతి గది నేలకు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 300 కిలోల భారం లెక్కగడుతుంది. గ్రంథాలయ స్టాక్ గదికైతే, అంటే పుస్తకాల రాక్‌లుండే గదికైతే, 2.2 మీటర్ల ఎత్తు వరకే 6 కిలోన్యూటన్లు కావాలి.

మన రాక్ బరువు వేసి చూడండి. వెడల్పు 90 సెం.మీ., రెండు వైపులా ఆరేసి అరలు: మొత్తం 10.8 మీటర్లు. ఆర్ట్ పేపరు (నున్నటి పూత ఉన్న కాగితం) జర్నళ్లు బైండు చేస్తే మీటరుకు 50 కిలోలైనా తూగుతాయి. నిండిన రాక్ 540 కిలోలు. 60 సెం.మీ. లోతుకు 90 సెం.మీ. నడవ కలిపితే అది ఆక్రమించే చోటు 1.35 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 400 కిలోలు, ఇనుము బరువు ఇంకా కలపలేదు! కంపాక్టర్లు (పట్టాల మీద జరిపి ఒకదానికొకటి ఆనించే రాక్‌లు) పెడితే నడవలు పోయి అదే బరువు ఇంకా తక్కువ చోట పడుతుంది. పై అంతస్తు అనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే రాక్‌లకు ఆర్డరివ్వండి.

అపోహ: బరువే సమస్యయితే సెల్లార్ మేలు.

మన తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు–డిసెంబరులో. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్లు ఎలా వచ్చాయో అందరం చూశాం. మామూలు కాగితం తడిసినా ఆరబెట్టుకోవచ్చు. ఆర్ట్ పేపరు తడిసి అలాగే ఆరిందంటే పుటలన్నీ అతుక్కుని ఇటుకైపోతుంది, ఆ సంపుటం మరిక దక్కదు. పై అంతస్తులో శ్లాబు వేడి వేరే బాధ. అందుకే వీధి మట్టం కన్నా ఎత్తున్న గ్రౌండ్ ఫ్లోరే మా ఓటు. అడుగు అర నేలకు 15 సెం.మీ. పైన, రాక్ గోడకు అంతే ఎడంగా ఉండాలి. బాత్రూము పైపులున్న గోడ వద్దేవద్దు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది కాబట్టి, వానాకాలమంతా హైగ్రోమీటరు చూసి రాసుకున్నాకే గది ఖాయం చేయండి.

అపోహ: అరలు నిండా సర్దితే చోటు కలిసొస్తుంది.

ఆగిపోయిన పత్రికలకు ఇది నిజమే. వస్తూనే ఉన్నవాటికి కాదు. 100 పత్రికలు, ఏటా ఒక్కో సంపుటం, మందం 5 సెం.మీ. అనుకోండి: ఏడాదికి 5 మీటర్లు, అంటే రాక్‌కు ఒక వైపు దాదాపు మొత్తం. పేర్ల క్రమంలో సర్దినప్పుడు ఒక్క పత్రిక పొంగితే దాని తర్వాతివన్నీ జరపాలి. ప్రతి పత్రిక పక్కనా కనీసం ఐదేళ్ల పెరుగుదలకు చోటు వదలండి. పేరు మారిన పత్రికకు పాత పేరు దగ్గర చెక్క దిమ్మె పెట్టి, కొత్త పేరు రాయండి.

అపోహ: పత్రికలన్నీ ఒకే గదిలో ఉండాలి.

పోటీ పరీక్షల పిల్లలు దినపత్రికలకోసం పొద్దున్నే వస్తారు, వాటిని ద్వారం దగ్గరే ఉంచండి. పరిశోధన సంపుటాలు లోపల, నిశ్శబ్దంగా ఉన్న చోట.

అపోహ: ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి కదా, పాతవి తూకానికి వేయొచ్చు.

ప్రభుత్వ విద్యాసంస్థలకు జర్నళ్లను ఆన్‌లైన్లో అందించే కేంద్ర పథకం, 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గొప్ప మేలు. అయినా పాత సంవత్సరాలు అందులో తెరుచుకుంటున్నాయా, చందా ఆగినా అందుతాయా అన్నది పత్రికవారీగా తేల్చుకోవాలి. తెలుగు, సంస్కృత పత్రికలు, మన విశ్వవిద్యాలయాలు వేసిన జర్నళ్లు మరో గ్రంథాలయంలో ఉన్నాయని రూఢి అయ్యేదాకా ఒక్క సంచిక కూడా బయటికి పంపకండి.