ఫైర్ స్టేషన్ భోజనానికి పన్ను తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో 24 గంటల డ్యూటీ, 48 గంటల విశ్రాంతి పద్ధతిలో పనిచేసే ఫైర్‌ఫైటర్‌కు ఏడాదికి సుమారు 121 షిఫ్టులు పడతాయి. మెస్సుకు షిఫ్టుకు 15 డాలర్లు వేసుకున్నా 1,800 దాటుతుంది. బెల్ మోగితే కంచం వదిలి పరుగెత్తాల్సిన ఉద్యోగంలో ఈ ఖర్చు పన్నులో తగ్గాలని ఆశించడం న్యాయమే. కానీ చట్టం షిఫ్టు ఎంత పొడవని అడగదు. భోజనం ఎవరు పెట్టారు, డబ్బు ఎవరి ఆదేశంతో కట్టారు అని అడుగుతుంది.

అపోహ: రసీదులు దాచుకుంటే ఫెడరల్ (కేంద్ర) పన్ను రిటర్న్‌లో డిడక్షన్, అంటే ఖర్చు చూపి తగ్గింపు, వస్తుంది.

2018 నుంచి రాదు. అంతకుముందు ఉద్యోగి సొంతంగా భరించిన ఉద్యోగ ఖర్చులను షెడ్యూల్ ఎ లో (ఖర్చులను విడివిడిగా చూపే, అంటే ఐటమైజ్ చేసే ఫారం), ఆదాయంలో 2 శాతం దాటిన మేరకు చూపించుకునేవారు. 2017 చట్టం దాన్ని 2025 వరకు ఆపింది. 2025 జూలై 4న వచ్చిన చట్టం ఆ నిలుపుదలను శాశ్వతం చేసింది. ఉద్యోగ ఖర్చులు చూపే ఫారం 2106 ఇంకా ఉంది కదా అని చాలామంది పొరబడతారు. అది రిజర్వు సైనికులు, కొందరు కళాకారులు, ఫీజు పద్ధతిలో పనిచేసే ప్రభుత్వ అధికారులు, వైకల్యం వల్ల పనిలో అదనపు ఖర్చయ్యేవారి కోసం. ఫైర్‌ఫైటర్ అన్నంత మాత్రాన అందులో చోటు దొరకదు.

అపోహ: కోర్టు మెస్ డబ్బులకు ఒప్పుకుంది, కాబట్టి అందరికీ వర్తిస్తుంది.

ఈ మాట సిబ్లా కేసు నుంచి పుట్టింది. లాస్ ఏంజెలెస్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో జాతి వివక్షను తొలగించే ప్రణాళికలో భాగంగా, స్టేషన్‌లో అందరూ ఉమ్మడి మెస్సులో చేరాలనే నిబంధన వచ్చింది. అధికారికంగా మినహాయింపు పొందినవారు తప్ప మిగతా అందరూ డబ్బు కట్టాల్సిందే. 1980లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ ఫైర్‌ఫైటర్ల పక్షాన తీర్పునిచ్చింది. తీర్పుకు ఆధారం ఆ నిర్బంధమే. సిబ్బంది తమలో తాము చందాలు వేసుకుని వండుకునే మెస్సుకు, ఇష్టముంటే చేరే మెస్సుకు ఈ తీర్పు అండగా నిలవదు.

డిడక్షన్ పోయినా, ఫెడరల్ పన్ను చట్టం 119వ సెక్షన్‌లోని ఒక దారి మాత్రం మూసుకుపోలేదు. అది ఖర్చుగా చూపి తగ్గించుకోవడం కాదు, మొదటే ఆదాయంలోంచి ఆ మొత్తాన్ని తీసేయడం. యజమాని తన అవసరం కోసం, తన ఆవరణలో భోజనం పెడుతూ, తిన్నా తినకపోయినా నిర్ణీత మొత్తం కట్టాలని నిర్బంధిస్తే, ఆ మొత్తానికి పన్ను ఉండదు. అత్యవసర పిలుపులకు సిబ్బంది అందుబాటులో ఉండటం ‘యజమాని అవసరం’ కిందికి వస్తుందని నిబంధనల్లోనే రాసి ఉంది. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది ‘తినకపోయినా’ అనే మాట. తిన్న రోజుకే కడితే ఈ మినహాయింపు లేదు.

మీ డిపార్ట్‌మెంట్ ఇలాంటిదైతే ముందు లిఖిత ఆదేశం కాపీ తీసుకోండి. తర్వాత పే స్టబ్‌లో (జీతం చీటీ) మెస్ కోత ఎంతో చూసి, ఆ మొత్తాన్ని డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే వార్షిక జీతం పత్రం) బాక్స్ 1 లో, అంటే పన్ను పడే జీతంలో, కలిపారో లేదో సరిచూడండి. కలిపితే పేరోల్ విభాగాన్ని సవరించిన డబ్ల్యూ-2సీ ఇవ్వమని అడగండి. పాత సంవత్సరాలకు సాధారణంగా రిటర్న్ వేసిన మూడేళ్లలోపు సవరణ రిటర్న్ అయిన ఫారం 1040-ఎక్స్ తో రిఫండ్ కోరవచ్చు. డబ్బు నగదుగా చేతులు మారి, రికార్డు లేకపోతే మాత్రం నిరూపించడం చాలా కష్టం.

అపోహ: రాష్ట్ర పన్నులోనూ ఏమీ రాదు.

కాలిఫోర్నియా పాత పద్ధతినే కొనసాగిస్తోంది. కాకపోతే లెక్క వేసి చూడండి. ఆదాయం 90,000 డాలర్లనుకుందాం. అందులో 2 శాతం 1,800. నిర్బంధ మెస్సుకు కట్టిన 1,800 లో, భోజన ఖర్చు కాబట్టి, సగమే లెక్కకొస్తుంది, అంటే 900. అది ఒక్కటే ఉంటే గడప దాటదు. యూనియన్ చందా 1,200 కలిస్తే మొత్తం 2,100, మిగిలేది 300. అది కూడా రాష్ట్రంలో ఐటమైజ్ చేసేవారికే పనికొస్తుంది.

అపోహ: రాత్రి స్టేషన్‌లోనే పడుకుంటాం కాబట్టి ఇది పన్ను తగ్గే ప్రయాణ భోజనం.

1967లో కొరెల్ కేసులో సుప్రీంకోర్టు ప్రయాణ భోజనానికి నిద్ర లేదా విశ్రాంతి అవసరమనే నియమాన్ని సమర్థించింది. అయితే దానికి ముందు ‘ఇంటికి దూరంగా’ ఉండాలి. పన్ను భాషలో ఇల్లంటే మీరు పనిచేసే ప్రాంతం. స్టేషన్ అక్కడే ఉంది. కార్చిచ్చు విధులకు దూర ప్రాంతానికి తాత్కాలికంగా పంపితే సంగతి వేరు. అకౌంటబుల్ ప్లాన్ (ఖర్చుకు లెక్క చెప్పి, మిగిలింది తిరిగిచ్చే పద్ధతి) కింద, ప్రభుత్వ రేటు మించకుండా ఇచ్చిన పర్ డియం (రోజువారీ భత్యం) జీతంలో కలవదు. సాధారణంగా 60 రోజుల్లో లెక్క చెప్పాలి, మిగిలింది 120 రోజుల్లో తిరిగివ్వాలి.

అపోహ: డిపార్ట్‌మెంట్ ఇచ్చే భోజన అలవెన్స్‌కు పన్ను లేదు.

నగదైతే ఉంది. 1977లో కొవాల్‌స్కీ కేసులో న్యూజెర్సీ రాష్ట్ర పోలీసులకు సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: 119వ సెక్షన్ వర్తించేది భోజనానికే, భోజనం డబ్బుకు కాదు. ఎప్పుడో ఒకసారి ఓవర్‌టైం పడినప్పుడు ఇచ్చే చిన్న మొత్తానికి మినహాయింపు ఉంది. పనిచేసిన గంటల లెక్కన ఇస్తే అదీ పోతుంది.

అపోహ: వాలంటీర్లు భోజనాన్ని దానం కింద చూపించవచ్చు.

సేవ కోసం ఇల్లు వదిలి రాత్రి బస చేయాల్సి వస్తేనే. సొంత కారులో వెళ్లినందుకు మైలుకు 14 సెంట్లు చూపించవచ్చు, 2022 నుంచి 2025 వరకు అదీ ఐటమైజ్ చేసినవారికే.

2018, ఆ తర్వాతి సంవత్సరాల ఫెడరల్ రిటర్న్‌లలో పొరపాటున మెస్ ఖర్చు తగ్గించుకుని ఉంటే, ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) ఆ రిటర్న్ గురించి సంప్రదించకముందే సవరించండి. తక్కువ కట్టిన పన్నుపై వడ్డీ పడుతుంది, కానీ 20 శాతం పెనాల్టీ సాధారణంగా తప్పుతుంది.