కౌబాయ్ ఫొటోను ఎంతవరకు నమ్మొచ్చు? అపోహలు - వాస్తవాలు

పాత ఫొటోలు, ఉత్తరాలు స్కాన్ చేసి, వివరాలు రాసి భద్రపరచడం నా ఉద్యోగం. ఉండేది డల్లాస్ పక్కన కాబట్టి మనవాళ్లు ఎక్కువగా అడిగేది కౌబాయ్‌ల గురించే.

అపోహ: జింకతోలు చొక్కా, నడుముకు తుపాకీ ఉంటే అసలుసిసలు కౌబాయే.

వాస్తవం: చాలాసార్లు అది స్టూడియో వేషం. మన తాతలు తాజ్‌మహల్ తెర ముందు, స్టూడియోవాళ్ల కోటు తొడుక్కుని దిగేవారే, అలాగన్నమాట. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ 1885లో జింకతోలు దుస్తుల్లో తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో ప్రసిద్ధం. డకోటాలో ఆయనకు ర్యాంచ్ (పశువులు మేపే పెద్ద క్షేత్రం) ఉన్నమాట నిజమే. ఫొటో దిగింది మాత్రం న్యూయార్క్ స్టూడియోలో. నడుముకున్న బాకు టిఫనీ నగల కంపెనీ చేసింది! నెలకు 25 నుంచి 40 డాలర్ల జీతంతో మందలు తోలేవాడికి అవన్నీ ఎక్కడివి? పైగా 1870ల చివర్లో తీసిన, కౌబాయ్‌ల ఊరుగా పేరుపడ్డ డాడ్జ్ సిటీ వీధి ఫొటోలో, ఊళ్లో తుపాకులతో తిరగడం నిషేధమని పెద్ద బోర్డే కనిపిస్తుంది.

అపోహ: బిల్లీ ది కిడ్‌ది ఎడమచేతి వాటం.

వాస్తవం: (అతణ్ణి కౌబాయ్ అనడం కన్నా దొంగ అనడమే సబబు. సరే, అడుగుతారు కాబట్టి చెబుతున్నా.) అలా అనుకోవడానికి కారణమైన, 1880 ప్రాంతంలో తీసిన అతని ఫొటో టిన్‌టైప్. దానికి నెగటివ్ ఉండదు. బొమ్మ నేరుగా ఇనుపరేకు మీదే పడుతుంది కనుక కుడిఎడమలు తారుమారవుతాయి. అతని చేతిలోని వించెస్టర్ తుపాకీని దగ్గరగా చూడండి. తూటాలు ఎక్కించే సందు ఆ తుపాకీకి కుడిపక్కన ఉండాలి, ఫొటోలో ఎడమపక్కన ఉంది. ఇంత తేలిగ్గా దొరికిపోయే విషయమైనా ఎడమచేతి కథ దశాబ్దాలపాటు నడిచింది, ఓ సినిమా పేరులోకీ ఎక్కింది. ఆ రేకు 2011 వేలంలో 23 లక్షల డాలర్లు పలికింది.

అపోహ: కౌబాయ్‌లంతా తెల్లవాళ్లే.

వాస్తవం: నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. తాడు విసరడం, జీను కట్టే తీరు మెక్సికన్ వాకేరోల (గుర్రాలపై పశువులు కాసేవాళ్ల) దగ్గర నేర్చుకున్నవే.

అపోహ: వాళ్ల ఉత్తరాల నిండా కాల్పులు, సాహసాలు.

వాస్తవం: వాన, దుమ్ము, అందని జీతం, గుర్రం కుంటడం. రోజుకు 10-15 మైళ్లు మంద తోలి, రాత్రి వంతులవారీగా కాపలా కాసేవాడు అంతకన్నా ఏం రాస్తాడు?

నాకు అన్నిట్లోకీ ఇష్టమైన జవాబుత్తరంలో అసలు రాతే లేదనొచ్చు. 1886-87 చలికాలంలో మంచుకు మోంటానాలో పశువులు గుట్టలుగా చచ్చాయి. మంద ఎలా ఉందని హెలెనా పట్టణం నుంచి ఓ ర్యాంచ్ యజమాని రాశాడు. ర్యాంచ్‌లో పెద్దపాలేరు ఉత్తరం మొదలుపెట్టబోతుంటే, చార్లీ రస్సెల్ అనే కుర్ర కౌబాయ్ అరచేతంత అట్టముక్క మీద రంగులతో బొమ్మ వేశాడు: ఎముకలు తేలిన పశువు, చుట్టూ కాచుకున్న తోడేళ్లు. కింద ‘చినూక్ కోసం ఎదురుచూపు’ అని రాశాడు. చినూక్ అంటే మంచు కరిగించే వెచ్చటి గాలి. ఇక ఉత్తరం అక్కర్లేదని పాలేరు ఆ బొమ్మనే పంపేశాడు. హెలెనాలో అది చేతులు మారి రస్సెల్‌కు పేరు తెచ్చింది. 1893లో అతను పశువుల పని మానేసి పూర్తిగా చిత్రకారుడయ్యాడు.