నాలుగో తోరణం

మా మేనత్తది జమ్మికుంట దగ్గర పల్లె. అరవై దాటినా పత్తి ఏరే రోజుల్లో పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు చేరుతుంది. అలాంటి మనిషి శివరాత్రి వెళ్లిన వారం నాతో వరంగల్ చూడ్డానికి వచ్చి, సాయంత్రానికి రామప్ప గుడి ముందు కూలబడింది. "చేన్ల దినమంత తిరిగినా ఇట్ల కాలె అల్లుడా, పిక్కలు పట్టుకపోయినయ్" అంది. ఫోన్‌లో చూస్తే ఆ రోజు మేం నడిచింది ఐదు కిలోమీటర్లు. ఆమె చేనుకు పోయి రావడమే అంతుంటుంది.

తప్పు దూరానిది కాదు, మా నడక తీరుది. కాళ్లలోకి దిగిన రక్తం తిరిగి గుండెకు ఎక్కాలంటే పిక్కల సాయం కావాలి. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరలను పిండుతుంది. సిరల్లోని కవాటాలు ఎక్కిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. అచ్చం చేతిపంపే: కొడుతున్నంతసేపే నీళ్లు. కదలకుండా నిలబడితే దాదాపు అర లీటరు రక్తం నడుము కిందికి చేరి అక్కడే ఉండిపోతుంది. గుళ్లో మనం చేసేది ఆ పనే. రెండడుగులు వేస్తాం, ఆగుతాం, తల ఎత్తుతాం, మళ్లీ రెండడుగులు. ఆగినప్పుడు కండరాలకు విశ్రాంతి అనుకుంటాం గానీ, పడిపోకుండా నిలబెట్టడానికి అవి బిగిసే ఉంటాయి. బిగిసిన కండరంలో రక్తం సరిగ్గా పారదు. పైగా ఐదు కిలోల దాకా ఉండే తలను వెనక్కి వాల్చి పైకప్పు చెక్కడాలు చూస్తుంటే మెడ ఊరుకుంటుందా?

దీనికి తోడు వట్టి కాళ్లు. 1163 నాటి వేయిస్తంభాల గుడి చుట్టూ తిరిగేసరికి పదకొండు దాటింది. పట్టా పరిచిన చోట ఫర్వాలేదు, బండ మీద కాలు పెడితే చుర్రుమంది. రెండూ ఉన్నది ఒకే ఎండలో. కానీ బండలో వేడి తొందరగా పారుతుంది. అరికాలు లాగేసుకున్నంత వేడిని కింది రాయి వెంటనే అందిస్తూ ఉంటుంది. పట్టా పోగుల మధ్య ఉన్నది గాలి. పైనున్న కాస్త వేడి ఇచ్చేశాక దాని దగ్గర ఇంకేం ఉండదు.

కాళ్ల సంగతి ఇది. మరి కళ్లు? కోటలో నాలుగు దిక్కులా నాలుగు కాకతీయ తోరణాలున్నాయి. మన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. మొదటిదాని ముందు అత్త చాలాసేపు నిలబడింది, హంసలను వేలు పెట్టి చూపించింది. రెండోదాన్ని చూసి "మంచిగుంది" అంది. నాలుగోదాని కింద నుంచి మంచినీళ్ల బాటిల్ మూత తిప్పుకుంటూ నడిచిపోయింది. నేనూ అంతే.

ఈ అలసట గురించి 1916లోనే బోస్టన్ మ్యూజియంలో పనిచేసే బెంజమిన్ గిల్మన్ ఒక వ్యాసం రాశాడు. వస్తువులు చూడ్డానికి మనిషి ఎలా వంగుతున్నాడో, మెడ ఎలా సాగదీస్తున్నాడో ఫోటోలు తీయించి చూపించాడు. ఆయన దృష్టిలో ఇది ఒళ్లు నొప్పుల గొడవ, బొమ్మలు పెట్టే తీరు మారిస్తే తగ్గుతుంది. 1928లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో కిటుకు చేశాడు. మనుషులను కూర్చోబెట్టి బొమ్మల కట్ట చేతికిచ్చాడు. నడక లేదు, నిలబడటం లేదు. అయినా పోనుపోను ఒక్కో బొమ్మ మీద చూపు నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది. అంటే పిక్కలు పట్టకపోయినా చూపు అలిసిపోతుందన్నమాట. ఒకేలాంటిది పదేపదే ఎదురైతే మెదడు దానికి స్పందించడం తగ్గిస్తుంది. పక్కింట్లో మిక్సీ శబ్దం కాసేపటికి వినపడనట్టే.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, అన్నిటికన్నా గొప్పదాన్ని చివరికి పెట్టుకోవడం. 1213 నాటి రామప్ప గుడికి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినదానికి, దాదాపు డెబ్బై కిలోమీటర్లు ప్రయాణం చేసి, కాలిన కాళ్లతో, నిండిపోయిన కళ్లతో చేరాం. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారని గైడ్ చెబుతుంటే అత్త ఆవలించింది.

కాసేపు కూర్చున్నాక లేచి బయటి వరుస మదనికల వైపు, అంటే చూరు కింద నిలిచిన ఆడవాళ్ల శిల్పాల వైపు వచ్చింది. నల్లరాతి నునుపు మీద సాయంత్రపు ఎండ పడుతోంది. ఒకదాని దగ్గర ఆగిపోయింది. పాదాల కింద ఎత్తు చెప్పులున్న మదనిక అది.

"జూడు అల్లుడా, ఈమెకు చెప్పులున్నయి. మనయేమో బయట ఇడిపిచ్చిండ్రు."

పొద్దుటి నుంచి చూసిన బొమ్మల్లో లేనిదేదో కనపడేసరికి, మొద్దుబారిన చూపు మళ్లీ లేచింది. అటూ ఇటూ జరిగి, ఆ చెప్పుల కట్లు ఎలా ఉన్నాయో తల ఎత్తి చూసింది. పిక్కల మాటే ఎత్తలేదు.

మర్నాడు కాజీపేటలో రైలెక్కించేటప్పుడు ఫోన్‌లో తోరణాల ఫోటోలు చూపించి ఏది ఎక్కడిదని అడిగాను. "నాకేం ఎరుక" అంది. నాకూ తెలియలేదు.