ఐ7 అనగానే ఎగిరి గంతేయకండి

పిల్లలూ,

మీరు వాట్సాప్‌లో పంపిన గేమింగ్ కంప్యూటర్ ప్రకటన చూశాను. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, పైన రంగురంగుల లైట్ల క్యాబినెట్, అన్నీ కలిపి పాతిక వేల లోపే అంటున్నాడు. మీ నాన్న కూడా "చవకే కదా" అన్నాడట. తమాషా ఏమిటంటే అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా ఉండకపోవచ్చు. ఐ7 నిజమే, కానీ ఎప్పటి ఐ7? ఇలాంటి ప్యాకేజీల్లో తరచుగా పెట్టేది ఐ7-2600. అది 2011లో వచ్చింది, మీలో ఒక్కరూ అప్పటికి బడి గడప తొక్కలేదు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కీ దానికీ కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు) సమానమే, చెరి నాలుగు, అయినా ఆటల్లో ఈ ఐ3 ఆ ఐ7ని తేలిగ్గా దాటిపోతుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నమాట. పైగా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఆ పాత ఐ7 లేదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. మీరు కలవరించే వాలరెంట్ ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు చేసే భద్రతా తనిఖీ) రెండూ ఆన్‌లో ఉంటేనే నడుస్తుంది.

ఇక ఆ "4 జీబీ గ్రాఫిక్స్". ఏ కార్డో పూర్తి పేరు అడగండి. జీటీ 730 అన్నాడా, ఒక దండం పెట్టి వచ్చేయండి. అది 2014 నాటిది, అప్పట్లోనే చిన్న కార్డు. జీబీల లెక్క కార్డులో మెమరీ ఎంతుందో చెబుతుంది అంతే, బొమ్మ గీసే చిప్‌లో ఎంత సత్తా ఉందో చెప్పదు. మోడల్ నంబర్ దాచిపెట్టి జీబీలే పాడేవాడి దగ్గర ఏమీ కొనకండి.

సరే, మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మానిటర్ దగ్గర. ఫుల్ హెచ్‌డీ తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి, 4కే తెర మీద దానికి సరిగ్గా నాలుగింతలు, దాదాపు 83 లక్షలు. కార్డు ఆ చుక్కలన్నిటికీ సెకనుకు అరవై సార్లో నూట నలభై సార్లో రంగు వేయాలి. తక్కువ డబ్బుతో కట్టే సిస్టమ్‌కి ఫుల్ హెచ్‌డీ చాలు, 4కే సంగతి ఇప్పుడు మర్చిపోండి. ఇంట్లో ఉన్న ఆఫీసు మానిటర్ 60 హెర్ట్జ్‌ది, సెకనుకు అరవై బొమ్మలే చూపిస్తుంది, కాబట్టి రెండు వందల ఎఫ్‌పీఎస్ (కార్డు సెకనుకు గీసే బొమ్మల లెక్క) కోసం ఖర్చు పెట్టినా ప్రస్తుతానికి మీ కంటికి పెద్ద తేడా కనిపించదు. 144 హెర్ట్జ్ మానిటర్ వచ్చే ఏడాది చూద్దాం.

డబ్బులో పెద్ద వాటా, నన్నడిగితే మూడోవంతు పైనే, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి. 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600 ఈ పనికి నాకు నచ్చిన కార్డు, 8 జీబీ మెమరీ, 132 వాట్లు, అంటే పెద్ద ఎస్ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే పెట్టె) అక్కర్లేదు. ఇంకాస్త ఉంటే ఆర్టీఎక్స్ 4060. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, కానీ మీ కళ్ల ముందు అరగంట గేమ్ ఆడించి చూపిస్తేనే. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు చాలా సంతలోకి వచ్చాయి, వాటిలో బాగున్నవీ ఉన్నాయి, ఫ్యాన్లు అరిగినవీ ఉన్నాయి.

ప్రాసెసర్‌కి రైజెన్ 5 5600 పెట్టండి, ఆరు కోర్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. దీనికి బీ550 మదర్‌బోర్డు తీసుకుంటే గొడవ లేదు, బీ450 పాత స్టాక్ అయితే బయోస్ (బోర్డులో ఉండే మొదటి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి ఇమ్మనాలి. ఈ 5600 ఏఎం4 సాకెట్‌లో కూర్చుంటుంది. ఏఎం5 సాకెట్ కొత్తది, ముందు ముందు పనికొస్తుంది, నిజమే, కానీ దానికి డీడీఆర్5 అనే కొత్తరకం ర్యామే పట్టాలి, బోర్డూ ఖరీదే. ఒకవేళ ఇప్పుడు కార్డుకి డబ్బు చాలకపోతే 5600జీ కొనండి, అందులోనే గ్రాఫిక్స్ ఉంటుంది, వాలరెంట్ ఆడుకోవచ్చు, సంక్రాంతికి వచ్చిన డబ్బులతో కార్డు తర్వాత పెట్టుకోవచ్చు. ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ ఉంటే మాత్రం లోపల గ్రాఫిక్స్ లేనట్టే, కార్డు లేకుండా తెర మీద ఏమీ రాదు.

ర్యామ్ 16 జీబీ, కానీ ఎనిమిదేసి రెండు. ఒకటే 16 స్టిక్ పెడితే ఒంటెద్దు బండిలా లాగుతుంది, 5600జీతో అయితే ఆ తేడా మరీ తెలుస్తుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఎత్తుకుపోవడంతో ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అందుకే ఇది సెకండ్ హ్యాండ్ కొన్నా నేనేమీ అనను. బిగించాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ కూడా 2133 దగ్గరో 2400 దగ్గరో కునుకు తీస్తుంది.

ఎస్ఎంపీఎస్ మాత్రం పాతది వద్దు, క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది అసలే వద్దు. డబ్బా మీద 500 వాట్లు అని రాసి, ఆట మొదలవగానే సిస్టమ్ ఆరిపోయే రకాలు మన దగ్గర కొల్లలు. పేరున్న కంపెనీది, 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది తీసుకోండి. గోడలో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, మీ వీధిలో కరెంటు సంగతి నాకు తెలుసు. లైట్ల క్యాబినెట్ కోసం ఏడవకండి, ముందువైపు గాలి ఆడే జాలీ ఉన్నది చాలు.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అమ్మనో నాన్ననో తీసుకెళ్లండి. నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకుని ఆన్‌లైన్ ధరతో పోల్చండి. 18 శాతం జీఎస్టీ కలిపిన ధరేనా అని ముందే అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే వద్దనండి, రెండేళ్లకు కార్డు పోతే వారంటీ అడగాలంటే ఆ కాగితమే కావాలి, అందులో సీరియల్ నంబర్లూ ఉండాలి.

బిగించే రోజు వీడియో కాల్ చేయండి. ఏఎం4 ప్రాసెసర్ కింద పిన్నులుంటాయి, మూల మీద బంగారు త్రికోణం గుర్తు చూసి పెట్టాలి, నొక్కకూడదు. అంతా అయ్యాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకి గుచ్చండి. కొటేషన్లు ముందు నాకు పంపండి, చూసి చెబుతాను.

మీ బాబాయ్